మోమిర్ ఇలిచ్ ఆట జీవితం: వలస అవసరమా, ఎంపికా?

కృష్ణాతీరం:
యూరప్ క్లబ్ హ్యాండ్‌బాల్‌ను అనుసరించే వారికి మోమిర్ ఇలిచ్‌ను పరిచయం చేయనక్కర్లేదు. మిగిలిన వారి కోసం క్లుప్తంగా చెబుతాను. 1981 డిసెంబరు 22న సెర్బియాలోని అరాంజెలోవట్స్ పట్టణంలో పుట్టాడు. దాదాపు రెండు మీటర్ల పొడగరి. ఆడింది లెఫ్ట్ బ్యాక్ స్థానంలో, అంటే దాడిలో ఎడమవైపు దూరం నుంచి షాట్లు కొట్టే చోట. సొంత ఊరి క్లబ్ షామోత్‌కూ, తర్వాత లాజరెవట్స్‌లోని కొలుబరాకూ ఆడి, 2004లో స్లొవేనియాకు వెళ్లి గొరెన్యె వెలెన్యెలో చేరాడు. 2006లో జర్మనీలోని గుమ్మర్స్‌బాక్, 2009లో అదే దేశంలోని కీల్, 2013లో హంగేరీలోని వెస్ప్రేమ్. 2019లో అక్కడే ఆట నుంచి తప్పుకుని, ఆ తర్వాత అదే జట్టుకు కోచ్ అయ్యాడు.

ఈ ప్రయాణాన్ని సాధారణంగా డబ్బు కోసం దేశాలు మారిన కథగా చెబుతుంటారు. నాకు అలా అనిపించదు. అతను ఎక్కడా రెండు మెట్లు ఒకేసారి ఎక్కలేదు. చిన్న లీగ్ నుంచి పక్క దేశపు లీగ్‌కు, అక్కడి నుంచి జర్మనీలో మధ్యస్థాయి జట్టుకు, అక్కడి నుంచి శిఖరానికి, అంటే కీల్‌కు చేరాడు. శిఖరం మీద ఉన్నప్పుడే తనంతట తాను దిగి, ఇంకో జట్టును పైకి తీసుకువెళ్లడానికి బయలుదేరాడు. వీటిలో ఏది తప్పనిసరై చేసిన వలస, ఏది అతను ఎంచుకున్నది అన్న విషయం మీద సభ్యుల అభిప్రాయాలు తెలుసుకోవాలని ఉంది.

పటాల_పిచ్చి:
మొదటి వలస తప్పనిసరి అని నా ఉద్దేశం. దాని మూలాలు ఇలిచ్ పుట్టుకకు ముందే ఉన్నాయి కాబట్టి కాస్త వెనక్కి వెళ్తాను.

యుగొస్లావియా హ్యాండ్‌బాల్‌లో అగ్రరాజ్యం. 1972 మ్యూనిక్‌లోనూ 1984 లాస్ ఏంజెలెస్‌లోనూ ఒలింపిక్ స్వర్ణం, 1986లో ప్రపంచ టైటిల్ ఆ దేశానివే. క్లబ్ స్థాయిలో షాబట్స్ పట్టణపు మెతలోప్లాస్టికా 1985, 1986 సంవత్సరాల్లో వరుసగా యూరోపియన్ కప్పు గెలిచింది. ఆ క్లబ్ పేరు ఒక కర్మాగారం పేరే. ఇలిచ్ ఆడిన తొలి జట్లను కూడా అదే దృష్టితో చూడండి. షామోత్ అనేది కొలిమి ఇటుకలు తయారుచేసే పరిశ్రమ నుంచి వచ్చిన పేరు, కొలుబరా బొగ్గు గనుల ప్రాంతం పేరు, గొరెన్యె ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు తయారుచేసే సంస్థ. ఆ కాలపు యుగొస్లావియాలో కర్మాగారమే ఊరికి జీతం ఇచ్చేది, ఆటస్థలం కట్టించేది, జట్టును పోషించేది. మన దగ్గర రైల్వేలు, ప్రభుత్వ రంగ సంస్థలు క్రీడాకారులకు ఉద్యోగాలిచ్చి జట్లు నడిపిన తీరు గుర్తున్న వారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు.

దేశం ముక్కలైంది. 1992 మేలో ఐక్యరాజ్యసమితి విధించిన ఆంక్షల్లో క్రీడలు కూడా ఉండటంతో సెర్బియా జట్లు అంతర్జాతీయ పోటీలకు దూరమయ్యాయి. అప్పటికి ఇలిచ్‌కు పదేళ్లు. అతను పెద్దవాడై మైదానంలోకి వచ్చే సమయానికి సెర్బియాలో ఆట తెలిసిన శిక్షకులు, చూసే కళ్లున్న ప్రేక్షకులు మిగిలారు గానీ, జట్లను పోషించిన కర్మాగారాలు కుదేలయ్యాయి. స్లొవేనియా పరిస్థితి వేరు. గొరెన్యె సంస్థ పశ్చిమ యూరప్‌కు సరుకు ఎగుమతి చేస్తూ నిలబడింది. 2004 మేలో ఆ దేశం ఐరోపా సమాఖ్యలో చేరింది. అదే ఏడాది ఇలిచ్ వెలెన్యె వెళ్లాడు. బొగ్గు గనుల ఊరి నుంచి మరో బొగ్గు గనుల ఊరికి, ఒకప్పుడు ఒకే దేశంలో ఉన్న చోటికే వెళ్లాడు. మధ్యలో సరిహద్దులు వచ్చాయి కాబట్టి దీన్ని విదేశీ వలస అంటున్నాం.

చంద్రహాస:
చరిత్ర బాగుంది గానీ, అసలు ఇలిచ్‌ను ఊరూరా తిరిగిన ఆటగాడిగా చూడటమే సరికాదేమో. పదిహేనేళ్ల విదేశీ జీవితంలో నాలుగే క్లబ్బులు. గుమ్మర్స్‌బాక్‌లో మూడేళ్లు, కీల్‌లో నాలుగు, వెస్ప్రేమ్‌లో ఆటగాడిగానే ఆరు. ఏటా అద్దె ఇల్లు మారే వాళ్లు ఈ ఆటలో చాలామంది ఉన్నారు. ఇతను వెళ్లిన ప్రతిచోటా కాపురం పెట్టాడు. రెండో ప్రశ్న: 2009లో కీల్ పిలిస్తే ఎవరైనా వెళ్తారు, అందులో ఎంపిక ఏముంది?

డి_జోన్:
చంద్రహాస గారి రెండో ప్రశ్నకు నేను జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను. క్లబ్బుల పేర్లతో పాటు కోచ్ పేరు కూడా చూడాలి.

2006లో ఇలిచ్ గుమ్మర్స్‌బాక్‌లో చేరిన వేసవిలోనే ఐస్‌లాండ్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్ గిస్లాసన్ ఆ జట్టు కోచ్‌గా వచ్చాడు. రెండేళ్లు అతని కింద ఆడాడు. 2008లో గిస్లాసన్ కీల్‌కు వెళ్లాడు. ఆ మరుసటి ఏడాది, అంటే 2009లో, నికొలా కారాబాటిచ్ కీల్ విడిచి ఫ్రాన్స్‌లోని మాంపెలియేకు వెళ్లగా, ఆ ఖాళీని పూరించడానికి వచ్చిన వారిలో ఇలిచ్ ఒకడు. ప్రపంచంలోనే అత్యుత్తముడని పేరున్న ఆటగాడు వదిలిన స్థానానికి గిస్లాసన్ పాత శిష్యుడు వచ్చాడంటే, కోచ్‌కు అతని మీద ఉన్న గురి తెలుస్తూనే ఉంది. పిలుపు రావడం ఇలిచ్ చేతిలో లేదు, నిజమే. అయితే ఆ పిలుపు వచ్చేలా చేసింది 2006లో అతను తీసుకున్న నిర్ణయం.

ఇంతకీ లెఫ్ట్ బ్యాక్ పని ఏమిటో ఒక మాట. గోల్ ముందు ఆరు మీటర్ల వలయంలోకి గోల్‌కీపర్ తప్ప ఎవరూ కాలు పెట్టకూడదు. రక్షకులు ఆ గీత మీద గోడ కట్టినట్టు నిలబడినప్పుడు, తొమ్మిది మీటర్ల దూరం నుంచి ఎగిరి వాళ్ల చేతుల మీదుగా బంతిని కొట్టగలిగే వాడు ఒకడు కావాలి. అలాంటి వాడు ఉన్నాడంటే రక్షకులు ముందుకు రాక తప్పదు. వాళ్లు ముందుకొస్తే వెనుక పివట్‌కు, అంటే ఆ గీత దగ్గరే రక్షకుల మధ్య కాచుకుని ఉండే ఆటగాడికి, చోటు దొరుకుతుంది. ఇలిచ్ విలువ అతని గోల్స్‌లో ఎంత ఉందో, పక్కవాళ్లు వేసిన గోల్స్‌లో అంత ఉంది. గిస్లాసన్ అతన్ని అలాగే వాడుకున్నాడు.

కృష్ణాతీరం:
డి_జోన్ గారు చెప్పిన దానికి చిన్న చేర్పు. కారాబాటిచ్ పుట్టింది సెర్బియాలోని నీష్ నగరంలో. తండ్రి క్రొయేషియన్, తల్లి సెర్బియన్. చిన్నతనంలోనే ఫ్రాన్స్ వెళ్లి అక్కడే పెరిగాడు. తండ్రి బ్రాంకో కూడా యుగొస్లావియా జట్టులో గోల్‌కీపర్‌గా ఆడినవాడే. అంటే 2009లో కీల్ ఎడమవైపు నుంచి వెళ్లిన వాడికీ, వచ్చిన వాడికీ ఆట ఒకే నేల నుంచి అందింది.

గుమ్మర్స్‌బాక్‌ను మాత్రం తేలిగ్గా దాటేయకూడదు. 2009లో ఆ జట్టు యూరప్ క్లబ్బుల పోటీల్లో ఒకటైన ఈహెచ్ఎఫ్ కప్పు గెలిచింది. ఫైనల్లో ప్రత్యర్థి ఎవరనుకున్నారు? గొరెన్యె వెలెన్యె. తనను జర్మనీ దాకా పంపిన పాత జట్టును ఓడించి తొలి యూరోపియన్ ట్రోఫీ అందుకుని, ఆ వెంటనే కీల్ చేరాడు. తర్వాతి ఏళ్లలో కూడా ఇలాంటివి జరిగాయి, వాటి గురించి ఎవరైనా రాస్తే బాగుంటుంది.

లెక్కలమారి:
నేను క్రికెట్ మనిషిని. ఈ చర్చ చదువుతుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. ఇంగ్లండ్ కౌంటీల్లో దక్షిణాఫ్రికా ఆటగాళ్లు గుంపులుగా ఆడటానికి కారణమైన కోల్‌పాక్ ఒప్పందాల పేరు మనందరికీ తెలుసు. ఆ మారోష్ కోల్‌పాక్ స్లొవేకియాకు చెందిన హ్యాండ్‌బాల్ గోల్‌కీపర్. జర్మనీ రెండో డివిజన్‌లో ఓస్ట్రింగెన్ జట్టుకు ఆడేవాడు. ఐరోపా సమాఖ్య బయటి దేశాల ఆటగాళ్ల లైసెన్సు మీద ప్రత్యేకంగా ఒక అక్షరం వేసి, అలాంటి వారిని ఇద్దరికి మించి ఆడించకూడదని జర్మన్ హ్యాండ్‌బాల్ సమాఖ్య నిబంధన పెట్టుకుంది. అతను కోర్టుకెక్కాడు. 2003 మే 8న ఐరోపా న్యాయస్థానం అతని పక్షాన తీర్పు ఇచ్చింది. ఐరోపా సమాఖ్యతో ఒప్పందం ఉన్న దేశాల నుంచి వచ్చి చట్టబద్ధంగా పనిచేస్తున్న వారి పట్ల అలాంటి వివక్ష చూపకూడదన్నది దాని సారాంశం. దక్షిణాఫ్రికాకు అలాంటి ఒప్పందం ఉండటంతో ఆ తీర్పు క్రికెట్‌కూ పాకింది.

ఇలిచ్ జర్మనీ వెళ్లింది ఈ తీర్పు వచ్చిన మూడేళ్లకు. అతనికి ఇది ఉపయోగపడిందా?

పటాల_పిచ్చి:
నేరుగా ఉపయోగపడి ఉండదు. సెర్బియా అలాంటి ఒప్పందంపై సంతకం చేసిందే 2008లో, అది అమల్లోకి వచ్చింది 2013లో. స్లొవేనియా, హంగేరీ, స్లొవేకియా వారికి 2004తో సమాఖ్య తలుపులే తెరుచుకున్నాయి. సెర్బియా వాడికి ఆ సౌకర్యం లేదు. పొరుగు దేశపు ఆటగాడితో సమానంగా ఆడితే సరిపోదు, అతని కంటే స్పష్టంగా మెరుగ్గా ఉండాలి. గొరెన్యెలో ఆడిన రెండేళ్లను నేను ఆ కోణంలోనే చూస్తాను. జర్మన్ క్లబ్బుల దృష్టిలో పడటానికి సెర్బియా లీగ్ చాలదు, స్లొవేనియా లీగ్ చాలుతుంది.

ఓరుగల్లు_పీఈటీ:
పాఠశాలలో పిల్లలకు ఈ ఆట నేర్పేవాడిగా అడుగుతున్నాను. 2023లో జైపూర్‌లో జరిగిన ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగ్‌లో తెలుగు టాలన్స్ జట్టును చూసిన తర్వాత మా పిల్లల్లో కొంత ఉత్సాహం కనిపించింది. వాళ్లకు చూపించాలంటే ఇలిచ్ ఆటలో ఏ దశ మంచిది? కీల్ రోజులా, వెస్ప్రేమ్ రోజులా?

డి_జోన్:
మాస్టారూ, జట్టుగా ఎలా ఆడాలో చూపించాలంటే 2011–12 నాటి కీల్‌ను చూపించండి. ఆ ఏడాది జర్మనీ అగ్ర లీగ్ బుండెస్‌లిగాలో ఆడిన 34 మ్యాచ్‌లూ గెలిచింది. పాయింట్ల పట్టికలో 68–0, అంటే వచ్చినవి 68, పోగొట్టుకున్నవి సున్నా. జర్మన్ కప్పు గెలిచింది. యూరప్ క్లబ్బుల అత్యున్నత పోటీ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో అట్లెటికో మాడ్రిడ్‌ను 26–21తో ఓడించింది. గోల్‌లో తియెరీ ఓమెయే, ఎడమవైపు ఫిలిప్ యీహా, డానియెల్ నార్సిస్, ఇలిచ్. ఒకే స్థానంలో ఆడగల ముగ్గురిని ఒకే జట్టులో ఉంచి ముగ్గురితోనూ పని చేయించుకోవడం గిస్లాసన్‌కే చెల్లింది. ఒకరిని రక్షణకు వాడటం, ఒకరిని మధ్యకు జరపడం, ఒకరికి విశ్రాంతి ఇవ్వడం వంటివి పిల్లలకు కూడా అర్థమవుతాయి.

ఒక్క ఆటగాడు బరువంతా మోస్తే ఎలా ఉంటుందో చూపించాలంటే 2013–14 వెస్ప్రేమ్ మ్యాచ్‌లు చూపించండి. కీల్‌లో ముగ్గురిలో ఒకడిగా ఉన్నవాడు, వెస్ప్రేమ్‌కు వెళ్లిన తొలి ఏడాదే 103 గోల్స్‌తో ఛాంపియన్స్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ చేశాడు. అప్పటికి అతనికి 32 ఏళ్లు.

చంద్రహాస:
ఆ 103 గోల్స్‌లో సెవెన్ మీటర్ త్రోల వాటా కూడా చెప్పాలి కదా. రక్షకుడు అడ్డులేకుండా గోల్‌కీపర్ ఒక్కడి మీద కొట్టే బంతిని, ఎగిరి తొమ్మిది మీటర్ల నుంచి కొట్టిన దానితో కలిపి లెక్కవేస్తే చిత్రం మారిపోతుంది.

డి_జోన్:
అభ్యంతరం న్యాయమైనదే. పెనాల్టీలు వేసే వాడి సంఖ్య ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుంది. అయితే ఇలిచ్‌ను కీల్ కూడా ఆ పనికి పెట్టిందని మరవకూడదు. అంతమంది ఉద్దండులున్న జట్టులో ఆ బంతి అతని చేతికి ఇచ్చారు. కాలు కదపకుండా, మూడు సెకన్లలో, ఎదురుగా నాలుగు మీటర్ల దాకా ముందుకొచ్చే గోల్‌కీపర్‌ను చూస్తూ కొట్టాలి. అరవై నిమిషాల ఆటలో అలసిపోయిన చేత్తో ఆ పని చేయడం వేరే విద్య.

కొలోన్_నివాసి:
కొలోన్‌లో ఉంటాను కాబట్టి ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఫోర్ మా ఊరి పండుగ. ఇరవై వేల మంది పట్టే ఇండోర్ స్టేడియంలో శని, ఆదివారాల్లో నాలుగు జట్లు తేల్చుకుంటాయి. ఈ పద్ధతి 2010లో మొదలైంది, ఆ మొదటి టైటిల్ ఇలిచ్ ఉన్న కీల్‌దే. బార్సిలోనాను 36–34తో ఓడించింది.

కృష్ణాతీరం గారు అడిగిన పాత జట్ల సంగతి ఇదీ. 2014, 2015, 2016 మూడేళ్లూ సెమీఫైనల్లో వెస్ప్రేమ్‌కు కీలే ఎదురైంది. మొదటిసారి కీల్ గెలిచింది, తర్వాతి రెండుసార్లూ వెస్ప్రేమ్. 2016 సెమీఫైనల్ అదనపు సమయానికి వెళ్లింది. కీల్ అభిమానులు అతని పేరు ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టి, బంతి అందుకున్నప్పుడు ఈలలు వేసేవారు. రెండింటిలోనూ నిజాయతీ ఉంది.

ఇక 2016 మే 29న జరిగిన ఫైనల్. ఈ ఆట గురించి ఎంత రాసినా తక్కువే. ప్రత్యర్థి పోలండ్‌కు చెందిన కీల్త్సె, వారి కోచ్ టాలంట్ దుయ్‌షెబాయెవ్. ఇంకా పావుగంట ఆట ఉండగా వెస్ప్రేమ్ 28–19తో ముందుంది. తొమ్మిది గోల్స్ ఆధిక్యం. హంగేరీ అభిమానులు అప్పటికే పాటలు మొదలుపెట్టారు. ఆ తర్వాత అరవయ్యో నిమిషం ముగిసేదాకా వెస్ప్రేమ్ చేసిన గోల్స్ ఒక్కటి. అవును, ఒక్కటే. 29–29. అదనపు సమయంలో 35–35. చివరికి పెనాల్టీల్లో కీల్త్సె 39–38తో గెలిచింది. దీనికి అలసట కారణమని కొందరు, భయం కారణమని కొందరు అంటారు. నా అభిప్రాయంలో వెస్ప్రేమ్ గడియారంతో ఆడటం మొదలుపెట్టింది. బంతిని అటూ ఇటూ తిప్పుతూ సమయం గడపాలని చూస్తే రిఫరీలు హెచ్చరికగా చెయ్యి పైకెత్తుతారు, ఆ తర్వాత తొందరలో బలహీనమైన షాట్ కొట్టాల్సి వస్తుంది, ఎదుటివాడు ఆ బంతితోనే పరుగెత్తి గోల్ చేస్తాడు. ఒక్క ఇలిచ్ దూరం నుంచి కొట్టినంత మాత్రాన ఆగే ప్రవాహం కాదది.

2015 ఫైనల్లో బార్సిలోనా చేతిలో 23–28, 2019 ఫైనల్లో మాసిడోనియా జట్టు వార్దార్ చేతిలో 24–27. వెస్ప్రేమ్ తరఫున మూడు ఫైనల్స్, మూడు ఓటములు. ఆ పట్టణానికి ఇప్పటికీ ఆ టైటిల్ రాలేదు.

చంద్రహాస:
అయితే కీల్ వదలడం పొరపాటే అన్నమాట.

కొలోన్_నివాసి:
నేనలా అనను. 2013 వేసవిలో ఓమెయే, నార్సిస్, మార్కస్ ఆల్మ్, ఇలిచ్ అందరూ ఒకేసారి కీల్ విడిచిపెట్టారు. అతను ఉండిపోయినా అది పాత కీల్ అయ్యేది కాదు. అతను వెళ్లిన తర్వాత కీల్ మళ్లీ ఛాంపియన్స్ లీగ్ గెలవడానికి 2020 దాకా ఆగాల్సి వచ్చింది. వెస్ప్రేమ్‌లో 2014 నుంచి 2017 వరకు వరుసగా, మళ్లీ 2019లో హంగేరీ లీగ్ టైటిళ్లు గెలిచాడు. మధ్యలో 2018 ఒక్కటే హంగేరీలోని మరో జట్టు సెగెద్ పట్టుకుపోయింది.

కృష్ణాతీరం:
ఇందులో ఇంకో సెర్బియా వాడి దారి కూడా కలుస్తుంది. ఎడమచేతి వాటం గల రైట్ బ్యాక్ మార్కో వుయిన్ వెస్ప్రేమ్‌లో ఆడి 2012లో కీల్‌కు వచ్చాడు. ఏడాది తిరగకముందే ఇలిచ్ కీల్ నుంచి వెస్ప్రేమ్‌కు వెళ్లాడు. మధ్యలో ఒక్క సీజన్ ఇద్దరూ కలిసి కీల్ తరఫున రెండు వైపులా ఆడారు. దేశపు జట్టులో ఎడమ, కుడి బ్యాక్‌లు ఇద్దరూ ఏడాది పొడవునా కలిసి సాధన చేసే అవకాశం సెర్బియాలో దొరకలేదు, జర్మనీలో దొరికింది.

పటాల_పిచ్చి:
జాతీయ జట్టు ప్రస్తావన వచ్చింది కాబట్టి 2012 జనవరి గురించి రాయాలి. యూరోపియన్ ఛాంపియన్‌షిప్ సెర్బియాలో జరిగింది. కోచ్ వెసెలిన్ వుకొవిచ్. నేను పైన చెప్పిన మెతలోప్లాస్టికా జట్టులో ఆడినవాడు ఇతనే. ఆంక్షలకు ముందు తరం, ఆంక్షల తర్వాతి తరం ఒకే బెంచీ దగ్గర కలిశాయి.

ప్రాథమిక దశలో సెర్బియా డెన్మార్క్‌ను ఓడించింది. సెమీఫైనల్లో క్రొయేషియాను 26–22తో గెలిచింది. ఆ మ్యాచ్‌లో ప్రేక్షకుల నుంచి విసిరిన వస్తువు తగిలి సెర్బియా ఆటగాడు ఝార్కో షెషుమ్ కంటికి తీవ్ర గాయమైంది. సొంత గడ్డ మీద, సొంత జట్టు ఆటగాడికి. ఆ వారం గురించి గర్వంగా చెప్పుకునే వారు దీన్ని కూడా చెప్పుకోవాలి. జనవరి 29న బెల్‌గ్రేడ్ అరీనాలో ఫైనల్. అదే డెన్మార్క్ 21–19తో గెలిచింది. దార్కో స్టానిచ్ ఉత్తమ గోల్‌కీపర్, టోర్నీలో అత్యంత విలువైన ఆటగాడు మోమిర్ ఇలిచ్. ఆ వేసవి లండన్ ఒలింపిక్స్‌లో సెర్బియా గ్రూప్ దశ దాటలేదు. ఆ రజతం తర్వాత సెర్బియా పురుషుల జట్టుకు పెద్ద పోటీలో పతకం లేదు.

చంద్రహాస:
ఆటగాళ్లందరూ బయట స్థిరపడటం వల్లనే తర్వాత జట్టు బలహీనపడిందని నా అనుమానం. వాళ్లలో కొందరైనా ఇంట్లో ఉండి ఉంటే లీగ్ బతికేది.

పటాల_పిచ్చి:
చంద్రహాస గారూ, బయటికి వెళ్లిన వారే ఆ రజతం తెచ్చారు. ఇంట్లో ఉండి ఉంటే యీహా, నార్సిస్‌ల పక్కన సాధన చేసే ఇలిచ్ సెర్బియాకు దొరికేవాడు కాదు. డెన్మార్క్ ఆటగాళ్లు కూడా ఎక్కువగా జర్మనీలోనే ఆడతారు, వాళ్ల జట్టు బలహీనపడలేదే. తేడా వాళ్లు వెళ్లిన చోట లేదు, వాళ్లను తయారుచేసి పంపే చోట ఉంది. పదిహేనేళ్ల కుర్రాడికి మంచి కోచ్, వెచ్చని హాలు, వారం వారం పోటీ ఉండాలి. షామోత్ లాంటి కర్మాగారపు క్లబ్ ఒకప్పుడు ఇచ్చింది అదే.

డి_జోన్:
ఒక సంగతి మిగిలిపోయింది. ఇలిచ్ 2021లో వెస్ప్రేమ్ ప్రధాన కోచ్ అయ్యాడు, 2024 దాకా ఉన్నాడు. కీల్‌లో అతనితో ఒకే స్థానం పంచుకున్న ఫిలిప్ యీహా 2019లో గిస్లాసన్ తర్వాత కీల్ కోచ్ అయ్యాడు. 2022లో కొలోన్‌లో మూడో స్థానం కోసం ఆడింది కీల్, వెస్ప్రేమ్. ఒక బెంచీ దగ్గర యీహా, ఇంకో బెంచీ దగ్గర ఇలిచ్. ఇద్దరూ గిస్లాసన్ దగ్గర నేర్చిన వాళ్లే. ఆ మ్యాచ్ కీల్‌దే.

ఓరుగల్లు_పీఈటీ:
అయితే కీల్ 2012 మ్యాచ్‌లతోనే మొదలుపెడతాను. 2016 ఫైనల్ చివరి పావుగంట మాత్రం విడిగా చూపిస్తాను. ఆధిక్యంలో ఉన్నప్పుడు ఎలా ఆడకూడదో ఎంత చెప్పినా మా పిల్లలు వినడం లేదు.